ఎండయు, ఉక్కయు



నేను ముప్పదియేండ్లకు పైగా పల్లెటూరి బడులలో తెలుగు చెప్పినవాడను. "ఈ క్రింది పదములను స్వంతవాక్యములలో ప్రయోగింపుడు" అనునది మా ప్రశ్నపత్రములలో తప్పని ప్రశ్న. ఒక వేసవి పరీక్షలో 'ఉక్క' అను పదము నిచ్చితిని. ఒక బాలుడు "ఎండ ఉక్కగా కాయుచున్నది" అని వ్రాసెను. నేను పూర్తి మార్కు లిచ్చితిని. ఏలయన, ఎండ, సెగ, వడ, ఉక్క అన్నియు పర్యాయపదములని నల్లబల్లపై వ్రాసి వల్లె వేయించినవాడను నేనే. ఆ తప్పు దిద్దుకొనుటకే నేడు మీతో మాటాడుచున్నాను.

మన వారి నోట ఈ పదములకు క్రియలే వేఱు. ఎండ కాయును. వడ కొట్టును. సెగ తగులును. ఉక్క పోయును. "ఉక్క కాచినది" అని గాని, "ఎండ పోసినది" అని గాని నిరక్షరాస్యుడును అనడు. ఎండయు, వెన్నెలయు, మామిడిచెట్టును ఒక్క తీరుగా 'కాయుట' మన భాషలోని సొగసు. ఆ ముచ్చట మఱియొకనాడు.

'ఎండ' యను పేరులోనే 'ఎండుట' యున్నది. ఎండలో వడియములు ఎండును, మిరపకాయలు ఎండును, ఉతికిన పంచె చూచుచుండగనే ఎండును. ఉక్కలో ఏదియు త్వరగా ఎండదు. దండెముపై నున్న పంచె సాయంకాలమునకును చెమ్మగానే యుండును. ఎండనిది పంచె యొక్కటే యైనచో చింత లేదు. మన యొంటిమీది చెమటయు ఎండదు. చిక్కంతయు ఇక్కడనే యున్నది.

మట్టికుండను తలచుకొనుడు. కుండగోడలోని సన్నని రంధ్రముల నుండి నీరూరి, పైకి వచ్చి, గాలికి ఆఱిపోవుచు లోపలి వేడిమిని తనతో గొనిపోవును. అందుచేతనే మన తెలంగాణములో నడివేసవిని కుండనీరు గొంతు జిల్లుమనిపించును. అదే కుండను సముద్రపు ఒడ్డున బందరులో పెట్టి చూడుడు. గాలియే తడిసి యుండుటచే కుండ చెమర్చునే గాని అంతగా చల్లబడదు. హైదరాబాదులో హాయి నిచ్చు కూలరు పెట్టె విశాఖపట్టణములో వట్టి చెమ్మ నూదుటకును కారణ మిదియే.

మన దేహమును అట్టి కుండయే. దాని సహజమైన వేడిమి సుమారు 37 డిగ్రీలు. బయటిగాలి అంతకు మించి వేడెక్కినపుడు దేహమునకు మిగిలిన ముఖ్యోపాయము చెమట యొక్కటే. చెమట కారుట వేఱు, ఆఱుట వేఱు, చల్లబఱచునది ఆఱుటయే. ఉక్కలో చెమట ధారలుగా కారి నేల పాలగును. నీరును ఉప్పును పోవును, వేడి మాత్రము లోపలనే నిలుచును.

మన స్త్రీలకు ఈ సంగతి వంటయింట ఏనాడో తెలియును. గంజి వార్చి, మూతపెట్టి, పొయ్యి నుండి దించిన పిమ్మట అన్నము తన ఆవిరిలో తానే మగ్గును. దానిని 'ఉమ్మగిలుట' యందురు. క్రింద నిప్పు లేదు. అయినను మెతుకు ఉడుకుచునే యుండును. పైన ఎండ లేనిచోట మనిషి గతియు అట్లే కావచ్చును.

నేనిపుడు మాదాపూరులో మా అబ్బాయి యింట నుంటిని. గండశిలల నడుమ, దుర్గము చెఱువు చేరువను ఒకనాడు పల్లెయైన ఈ చోటు 1998లో సైబర్ టవర్స్ వెలసినది మొదలు అద్దపు మేడల మయమైనది. ఆ మేడలలోని చల్లదనమంతయు ఉచితము కాదు. లోపలి వేడిని యంత్రములు వీధిలోనికే క్రుమ్మరించును.

రోహిణి వెడలి మృగశిర ప్రవేశించునపుడు, ఒక మధ్యాహ్నము మబ్బు క్రమ్మినది. ఆకు కదలుట లేదు. మా ప్రక్కనే కట్టుచున్న మేడ క్రింది సెల్లారులో గోడపూత జరుగుచుండెను. మేస్త్రీ "ఎండ తగ్గినది, ఇక చేయి విసరుగా ఆడింపుడు" అని మధ్యాహ్నపు విరామమును కుదించెను. ఒక గంట గడచినదో లేదో, పాలమూరి నుండి వచ్చిన కూలి యొకడు సంబంధము లేని మాటలాడి కూలబడెను. ఒడలు పెనమువలె కాలుచుండెను. పైకి చేర్చి, అంగీ విప్పి, ఒడలెల్ల నీటితో తడుపుచు, అట్టముక్కలతో విసరితిమి. తెలివి లేనివాని నోట నీరు పోయబోయిన వానిని నేను వారించితిని. ఆ నీరు ఊపిరితిత్తులలోనికి పోవచ్చును. 108 బండి వచ్చెను. అతడు బ్రతికెను.

మేస్త్రీ దుర్మార్గుడు కాడు. అతనికి వేసవి యన్న ఎండయే, ఎండ లేనిచో భయము లేదు. నేను బడిలో చెప్పినదియు అదియే గదా!

భారత వాతావరణశాఖ వడగాడ్పును నిర్ణయించునపుడు మైదానములకు 40 డిగ్రీలును, సముద్రతీరమునకు 37 డిగ్రీలును కనీసముగా గైకొనును. ఇతర నిబంధనలును గలవు. చెమ్మగాలి గల తీరమున మూడు డిగ్రీలు తగ్గినంత మాత్రమున బాధ తగ్గదు. 2015 మే మాసపు వడగాడ్పులలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణములలో కలిపి వేయికి మించిన జనులు మరణించిరి. నాడు పత్రికలన్నియు ఎండ డిగ్రీలను ముద్రించెను. గాలిలోని తేమను గూర్చి అడిగినవారు నా యెఱుకలో తక్కువ.

మీ గ్రామములలో కూలిపని వేళలు నిర్ణయించువారు మీరే గనుక ఒక మాట మనవి చేసెదను. మబ్బు పట్టినదని పనివేళ పెంచకుడు. ముందు దండెముపై గుడ్డను తాకి చూడుడు. అది ఆఱకున్నచో నీడలోనైనను మాటిమాటికి విరామమును, త్రాగునీటిని, గాలి యాడు తావును కల్పింపుడు. రేకుల కొట్టములలో రాత్రులు పండుకొనువారిని ముదుసలులతో పాటు తలచుకొనుడు.

వారము దినముల పిమ్మట ఆ కూలి మా వాకిటికి వచ్చెను. ఏమైనదని అడిగితిని. "ఎండ లేకుండె సారూ, ఉడుకపోసింది" అనెను. 'ఉక్క' కది ఆ సీమమాట. బడి మెట్టెక్కనివాడు క్రియతో సహా సరిగా ప్రయోగించెను. ఆనాడు నేను పూర్తి మార్కులిచ్చిన బాలుడు ఇపు డెక్కడ నున్నాడో! అతని వాక్యము ఇట్లుండవలసినది: "ఎండ లేదు గాని, ఉక్క పోయుచున్నది, పని ఆపుడు."