నోట్లో పెట్టుకునేవి, పెట్టుకోనివి

నాకంటే ముందు పెద్దలు సాహిత్యం గురించి, సంస్కృతి గురించి మాట్లాడారు. ఇరవయ్యేళ్ళుగా కంప్యూటర్ కోడు తప్ప మరొకటి రాయని నాకు అంత అర్హత లేదు. ఒక తండ్రిగా నేర్చుకున్న పాఠం చెప్పి దిగిపోతాను.

2013లో మా అబ్బాయి అన్నప్రాశన. అమ్మానాన్నలకి వీసా వచ్చి వాళ్ళు అమెరికా చేరేసరికి వాడికి ఎనిమిదో నెల. ఆనవాయితీ ప్రకారం పుస్తకం, కలం, బంగారు గొలుసు, పువ్వులు ముందు పెట్టాం. వాడు వాటిని కన్నెత్తి చూడలేదు. చరచరా పాక్కుంటూ వెళ్ళి, సోఫా పక్కన పడివున్న పాటల పెట్టె రిమోట్ తీసి నోట్లో పెట్టుకున్నాడు. "ఇంజనీరు కొడుకు కదా!" అని అందరూ చప్పట్లు కొట్టారు. అమ్మ ఒక్కతే, "ఒరేయ్, దాని మూత ఊడిందిరా!" అంది. చూస్తే లోపల బిళ్ళ బ్యాటరీ లేదు!

ఇరవై మందిమి పట్టుబట్టలతో కార్పెట్ మీద మోకాళ్ళ మీద వెతికాం. చివరికి నా పంచె మడతలోనే దొరికింది. ఆఫీసులో ఏ సర్వరు పడిపోయినా నాకు అంత చెమట పట్టలేదు.

ఆ బ్యాటరీ అన్నవాహికలో ఇరుక్కుంటే, తడి తగిలి కరెంటు ప్రవహిస్తుంది. అక్కడ క్షారం పుట్టి, రెండు గంటల్లోనే లోపల తీవ్రంగా కాల్చేస్తుంది. పిల్లవాడు మాత్రం మామూలుగానే కనిపించవచ్చు. అనుమానం వస్తే కక్కించకండి, తెల్లవారాక చూద్దామనుకోకండి. వెంటనే ఎమర్జెన్సీకి తీసుకెళ్ళి ఎక్స్‌రే తీయించండి. 2020లో టెక్సస్‌లో రీస్ అనే పద్దెనిమిది నెలల పాప ఇలాగే చనిపోయింది. ఆ పాప పేరుతోనే 2022లో ఇక్కడ చట్టం వచ్చింది. కొత్త వస్తువుల్లో బ్యాటరీ మూతలు పిల్లలకి ఊడిరాకుండా ఉండాలి. కానీ మన ఇళ్ళల్లో పాత రిమోట్లు ఇంకా ఉన్నాయి కదా!

మరి తినమన్నది తింటారా? పాయసానికి లొట్టలు వేసినవాడు మర్నాడు పాలకూర పప్పు నా చొక్కా మీద ఉమ్మేశాడు. తీపి ఇష్టం, చేదు అయిష్టం పుట్టుకతో వచ్చేవే. కొత్త రుచి అలవాటు కావడానికి ఎనిమిది, పదిసార్లయినా పెట్టాల్సి రావచ్చట. అమ్మకి ఏ పరిశోధనా తెలియదు. రోజూ ఒక ముద్ద పెట్టింది, బలవంతం చేయలేదు. రెండు వారాలకి వాడే నోరు తెరిచాడు. తేనె దగ్గర మాత్రం అమ్మే మా డాక్టరు మాట విన్నది. ఏడాది నిండని పిల్లలకి తేనె నాకించకూడదు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు రావచ్చు.

ఉమ్మేసినదాన్ని ఓపికగా మళ్ళీ పెట్టండి. మింగకూడనిదాన్ని వాళ్ళకంటే ముందు మీరే వెతకండి. ఈ రాత్రి ఇంటికెళ్ళాక ఒక్కసారి నేల మీద పాకి చూడండి. ఎవరూ నవ్వరు, నవ్వినా ఫరవాలేదు.

సెలవు.