రాలవలసిన కణము

మా నూజివీటి తోటలలో కాయ రాలుట రెండు విధములు. గాలివానకు తెగిపడిన పచ్చికాయ సొన చిమ్మి చర్మమును పొక్కించును. మాగిన చిన్నరసమో, తొడిమను తానే విడిచి గడ్డిపై జారును. శ్రోతలారా, శరీరమందలి కణముల చావును ఇట్టిదే. దెబ్బచే చచ్చిన కణము పగిలి, లోని ద్రవమును చుట్టును చిమ్మి వాపు పుట్టించును. రెండవ చావు కణము తనలోని యాజ్ఞచేత పొందునది. అది ముడుచుకొని తునుకలై పొరుగుకణములకు ఆహారమగును. గర్భస్థశిశువు వ్రేళ్లనడుమ పొర యిట్లు నశించుటచేతనే వ్రేళ్లు విడివడును. 1972లో కెర్, వైలీ, కరీ అనువారు దీనికి ‘అపాప్టోసిస్’ అని పేరిడిరి. గ్రీకుభాషలో రాలుట యని యర్థము. నిఘంటువులతో ముదిసిన నాకు ఆ పేరు మిక్కిలి నచ్చినది.

కణపు జన్యుపదార్థము బాగుచేయరానంతగా చెడినపుడు పి53 అను మాంసకృత్తు ఆజ్ఞ యిచ్చును. అంతట మైటోకాండ్రియానుండి సైటోక్రోమ్-సి వెలువడి, కాస్పేజులను కత్తెరలను మేలుకొల్పును. బి.సి.ఎల్-2 అను మాంసకృత్తు కావలివానివలె దీని నాపుచుండును. ఆ కావలి మితిమీరెనా, చావవలసిన కణము చావదు. కొన్ని రక్తపు క్యాన్సర్లలో జరుగున దిదియే. 2016లో అమెరికాలో అనుమతి పొందిన వెనెటోక్లాక్స్ ఈ కావలివానినే పట్టుకొనును. దానికి ముందు పరీక్షించిన నవిటోక్లాక్స్ మరియొక కావలివానిని గూడ పట్టుటచే ప్లేట్‌లెట్లు తఱిగిపోయినవి. గుఱి యంత సూక్ష్మము.

ఈ శాస్త్రమునకు పేరైన లేని కాలముననే మనవా డొకడు దాని వాకిలి తట్టెను. భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో ఫోలిక్ ఆమ్లమునకు విరోధులగు ద్రవ్యములను సిద్ధము చేయించిరి. అందు ఎమినోప్టెరిన్‌ను బోస్టనులో సిడ్నీ ఫార్బర్‌గారు లుకేమియా పిల్లలకిచ్చి, కొందఱిలో వ్యాధి కొంతకాల మణగుట 1948లో ప్రకటించిరి. ఆ యేటనే సుబ్బారావుగారు గతించిరి. దాని తోబుట్టువగు మెథోట్రెక్సేట్ నేటికిని వాడుకలో నున్నది. జన్యుపదార్థము కట్టుకొనుటకు సరకు దొరకక కుంగిన కణము తనలోని యాజ్ఞచేతనే చచ్చునని తరువాతివారు గ్రహించిరి.

మా వీథిలో నొక యాఱేండ్ల బాలునికి ఈ మాత్ర నడచుచున్నది. ‘బిడ్డ ముఖము తేటపడినది గదా, ఈ విషమింకేల?’ అని నాయనమ్మ యడిగినది. ముఖము తేటపడినను మజ్జలో చెడుకణములు దాగియుండును. కావుననే చికిత్స రెండేండ్లకు పైగా సాగును. వాని కిచ్చు మాత్ర వారమున కొక్కమారే. దినదినము మ్రింగిన ప్రాణాపాయము. వాని తల్లి క్యాలెండరులో గురువారములకు ఎఱ్ఱసిరాతో సున్నలు చుట్టి, మాత్ర మ్రింగించిన పిదప ఒక్కొక్కటే కొట్టివేయుచున్నది.