పత్తి పువ్వూ, పలకా: ఎవరి చదువు, ఎవరి అభివృద్ధి?

(గ్రామీణ స్త్రీలతో పనిచేస్తున్న కార్యకర్తల శిక్షణా తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నాకిచ్చిన అంశం 'శ్రామికుల చదువు, కొత్త సాంకేతిక పద్ధతులు, ఆర్థికాభివృద్ధి'. పేరు వింటే ఇదేదో కాలేజీలో ఆర్థికశాస్త్రం చెప్పేవాళ్ళు మాట్లాడాల్సిన విషయంలా ఉంది. కానీ ఆడపిల్లల హాస్టలు కోసం వెళ్ళినా, మహిళా సంఘాలకు శిక్షణ కావాలని వెళ్ళినా ప్రతి ఆఫీసులోనూ మనకు వినిపించే వాదం ఇదే. ఆడపిల్లలు చదివితే దేశ సంపద పెరుగుతుంది, కొత్త విత్తనం, కొత్త యంత్రం వస్తే మరింత పెరుగుతుంది అంటారు. మన దరఖాస్తుల్లో మనమూ అదే రాస్తున్నాం. రాస్తున్న మాటని ఒకసారి విప్పి చూసుకోవడం అవసరం.

ఈ వాదానికి మూలం పెద్దగా దాచిన రహస్యమేమీ కాదు. 1957లో రాబర్ట్ సోలో అనే అమెరికా ఆర్థికవేత్త తమ దేశంలో 1909 నుంచి 1949 దాకా పనిగంటకు ఉత్పత్తి ఎంత పెరిగిందో, ఎందుకు పెరిగిందో లెక్క కట్టాడు. అందులో ఎనిమిదింట ఏడు వంతులు సాంకేతిక మార్పు వల్లనే అని తేల్చాడు. అంటే పెట్టుబడి పెంచినందువల్ల కలిగింది చాలా తక్కువ. ఆ తర్వాత థియొడోర్ షుల్ట్స్ వంటివాళ్ళు, మనుషుల చదువు కూడా పెట్టుబడేనన్నారు. 'మానవ పెట్టుబడి' అనే మాట మన ప్రభుత్వ పత్రాల్లోకి అలా వచ్చింది. 1970లో ఎస్తేర్ బోసెరప్ ఒక్కతే గట్టిగా అడ్డుపడింది. కొత్త పనిముట్లూ, వాటిని వాడే శిక్షణా మగవాళ్ళకే వెళుతున్నాయి, స్త్రీలు పాత పనిముట్లతో పాత పద్ధతిలోనే మిగిలిపోతున్నారు, ఆ తర్వాత వాళ్ళకి ఉత్పాదకత తక్కువని అంటున్నారు అని చూపించింది.

సిద్ధాంతం ఇంతవరకూ చాలు. చదువూ, కొత్త పద్ధతీ రెండూ చేయీ చేయీ పట్టుకుని వస్తాయని ఈ లెక్కలన్నీ నమ్ముతాయి. మన దగ్గర ఒకటి రెండోదాన్ని మింగేసిన కథ ఉంది. అది పత్తి విత్తనం కథ.

1970లో గుజరాత్‌లో హెచ్-4 అనే సంకర పత్తి వచ్చింది. వాణిజ్యపరంగా సాగుకు వచ్చిన మొదటి హైబ్రిడ్ పత్తి అదే. మన శాస్త్రజ్ఞులు సాధించిన గొప్ప విజయం, అందులో సందేహం లేదు. అయితే పత్తి పువ్వులో మగభాగం, ఆడభాగం రెండూ ఒకే చోట ఉంటాయి. హైబ్రిడ్ విత్తనం కావాలంటే ఆడ లైను మొక్కలో ప్రతి మొగ్గనీ అది విచ్చే ముందురోజు సాయంత్రం గోటితో గిచ్చి, కేసరాలు తీసేయాలి. మర్నాడు పొద్దున్నే మగ లైను పువ్వు తెచ్చి దాని పుప్పొడి రుద్దాలి. దీన్ని పొలంలో 'క్రాసింగ్' అంటారు. ప్రతి పువ్వుకీ ఇంతే. ఒక్క మొగ్గ తప్పినా అది తనంతట తానే పరాగం పట్టి, విత్తనం కల్తీ అవుతుంది. సీజను నెలల తరబడి సాగుతుంది, ఎకరానికి అయ్యే ఖర్చులో పెద్ద వాటా కూలికే పోతుంది.

ఈ పని ఎవరు చేశారో మనందరికీ తెలుసు. కర్నూలు, మహబూబ్‌నగర్ జిల్లాల్లో, ముఖ్యంగా నంద్యాల, గద్వాల ప్రాంతాల్లో, ఏడేళ్ళ నుంచి పద్నాలుగేళ్ళ ఆడపిల్లలు చేశారు. రైతుల్ని అడిగితే, "ఆడపిల్లల వేళ్ళు సుతారంగా ఉంటాయమ్మా, మొగ్గ నలగదు, చెట్టు ఎత్తుకి సరిగ్గా సరిపోతారు" అనేవారు. (మగపిల్లల వేళ్ళు అదే వయసులో ఎంత లావుంటాయో నేనెప్పుడూ కొలవలేదు.) అసలు కారణం కూలి. పెద్ద స్త్రీకి ఇచ్చేదానికంటే పిల్లకి తక్కువ ఇవ్వొచ్చు. సీజను మొదలవక ముందే తల్లిదండ్రులకి అడ్వాన్సు ఇస్తే పిల్ల చివరిదాకా మానడానికి వీలుండదు. తెల్లారేసరికి పొలంలో ఉండాలి, సాయంత్రం మొగ్గలు గిచ్చాలి. ఇక బడికి పోయే పొద్దెక్కడ మిగులుతుంది? 1991 జనాభా లెక్కల్లో మహబూబ్‌నగర్ జిల్లా స్త్రీల అక్షరాస్యత 18 శాతం. దానికి కారణాలు చాలా ఉన్నాయి కానీ, అప్పటికే ఇంత తక్కువ చదువున్న చోటికి ఈ పంట ఆడపిల్లల చేతుల్ని వెతుక్కుంటూ వచ్చిందనేది గమనించాలి.

2002లో బి.టి. పత్తికి అనుమతి వచ్చింది. ఇతర దేశాల్లో ఎక్కువగా మామూలు వంగడాల్లోనే ఆ జన్యువు పెట్టారు. మన దేశంలో దాదాపు అంతా హైబ్రిడ్లలోనే పెట్టారు, ఎందుకంటే హైబ్రిడ్ అయితే రైతు ఏటా విత్తనం కొనుక్కోవాలి. జన్యువు ప్రయోగశాలలో తయారైంది, విత్తనం మాత్రం పిల్లల గోళ్ళతో తయారైంది. 2006లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం విత్తన ధర మీద పోరాడి, 450 గ్రాముల ప్యాకెట్టును 750 రూపాయలకి దింపించింది. మంచి పనే, రైతుకు ఊరట. కానీ ఆ పోరాటమంతా ప్యాకెట్టు ధర గురించి. ప్యాకెట్టు లోపలి కూలి సంగతి అందులో లేదు. విత్తనం ధర తగ్గితే ఆ భారం కంపెనీ నుంచి ఆర్గనైజరుకీ, ఆర్గనైజరు నుంచి రైతుకీ, రైతు నుంచి కూలికీ దిగుతుందని వేరే చెప్పాలా?

మన వాదానికి అసలైన సంగతి ఇక్కడుంది. మగ వంధ్యత్వం ఉన్న ఆడ లైన్లు వాడితే మొగ్గ గిచ్చే పని తప్పుతుందని వ్యవసాయ శాస్త్రానికి తెలియని విషయం కాదు. కొన్ని చోట్ల వాడారు కూడా. అయినా చేతిపని ఇంత విస్తారంగా, ఇన్ని దశాబ్దాలు ఎందుకు సాగింది? నా అభిప్రాయంలో, చౌకగా ఆడపిల్లలు దొరుకుతున్నారు కాబట్టి. ఒక పని అంత చౌకగా జరిగిపోతుంటే దాన్ని సులువు చెయ్యాలని ఎవరికి తోస్తుంది? చదువు లేని శ్రామికులు అభివృద్ధికి అడ్డమని అంటారు. నేను తిరగేసి చెబుతున్నాను. చదువుకోనివ్వకుండా ఉంచిన శ్రామికులే కొందరి లాభానికి ఆధారం, ఆ లాభమే కొత్త పద్ధతికి అడ్డం.

దీనికి ఎదురుగా పోచంపల్లి చీరని పెట్టి చూడండి. చిటికీ కట్టి రంగులద్దే ముందు నూలుని 'ఆసు' పోయాలి. అర్ధచంద్రాకారంగా మేకులున్న చట్రం మీద దారాన్ని కిందికీ పైకీ, ఒక మేకు నుంచి పక్క మేకుకీ చేత్తో తిప్పాలి. ఒక్క చీరకి దాదాపు 9,000 సార్లు. నాలుగైదు గంటలు పడుతుంది. ఇది ఇంట్లో ఆడవాళ్ళ పని. భుజం, మోచెయ్యి పట్టేసి రోజుకి రెండు చీరలకి మించి పోయలేని పని. ఆలేరు దగ్గరి శారాజీపేటలో చింతకింది మల్లేశం తల్లి లక్ష్మి ఏళ్ళ తరబడి ఆ నొప్పి పడింది. బడి మధ్యలోనే మానేసిన మల్లేశం 1992 నుంచి ఏడేళ్ళు ముక్క ముక్కగా యంత్రం కట్టుకుంటూ వచ్చాడు. 1999లో అది పూర్తయింది. తల్లి పేరే పెట్టాడు, లక్ష్మీ ఆసు యంత్రం. దాంతో చీరకి గంటన్నర సరిపోతోంది. 2017లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది, ఆ తర్వాత సినిమా కూడా వచ్చింది.

దీన్ని 'చదువు లేకపోయినా ప్రతిభ ఉంటే చాలు' అనే కథగా చెప్పుకుంటున్నారు. నాకది నచ్చదు. బడి ఆగిపోకుండా ఉంటే ఆయనకి ఏడేళ్ళు పట్టేదా అన్న ప్రశ్న ఎవరూ వెయ్యరు. నేను చూసేది వేరే. అన్నేళ్ళూ ఆసు పోసిన ఆడవాళ్ళకి ఆ పనిలో ప్రతి కదలికా తెలుసు. దానిని చూసి నేర్చుకున్న జ్ఞానమే యంత్రంలోకి వెళ్ళింది. యంత్రం రాకముందు ఆ జ్ఞానాన్ని నైపుణ్యమని ఎవరూ పిలవలేదు. 2019-20 చేనేత గణనలో చేనేత పనివాళ్ళలో 72 శాతం స్త్రీలని తేలింది. అయినా 'నేత కార్మికుడు' అనగానే మన కళ్ళముందు మగ్గం గుంటలో కూర్చున్న మగవాడే కనిపిస్తాడు. రుణం, గుర్తింపు కార్డు, శిక్షణ ఎవరి పేరున వస్తాయో మీ ఊళ్ళలో చూడండి. యంత్రం ఇంటికి వచ్చిందంటే అది ఎవరి పేరున వచ్చిందో, మిగిలిన మూడు గంటలు ఆమెకి దక్కాయో లేక ఇంకో రెండు చీరలకి పోయాయో కూడా అడగండి.

చదువు చేసే పనుల్లో కొన్ని ఏ ఉత్పత్తి లెక్కలోకీ రావు. నెల్లూరు జిల్లాలో 1990లో మొదలైన అక్షరాస్యతా ఉద్యమం పలకలు పట్టించింది కూలి ఆడవాళ్ళ చేత. దూబగుంట ఆడవాళ్ళు ఆ చదువు నుంచి సారా దుకాణం మూయించేదాకా వెళ్ళారు. ఎక్సైజు ఆదాయం పడిపోయింది కాబట్టి లెక్కల్లో అది నష్టం కిందే వస్తుంది!

పత్తి చేలకి తిరిగి వస్తాను. ఎం.వి. ఫౌండేషన్ వాళ్ళు రంగారెడ్డి జిల్లాలో, బడిలో లేని ప్రతి పిల్లా పనిలో ఉన్నట్టే అని గట్టిగా పట్టుబట్టి, క్యాంపులు పెట్టి పిల్లల్ని నేరుగా బడికి చేర్చారు. పేదరికం పోయాక చదువు అన్న వాదనని వాళ్ళు ఒప్పుకోలేదు. 2005 తర్వాత కొన్ని పెద్ద కంపెనీలు, పిల్లల్ని పెట్టని రైతులకి అదనపు ధర ఇస్తామన్నాయి. అంటే సమస్య రైతు మనసులో లేదు, కొనుగోలు ధరలో ఉందని వాళ్ళే ఒప్పుకున్నట్టయింది. విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. బాలకార్మిక చట్టాన్ని 2016లో సవరించి, పద్నాలుగేళ్ళ లోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టకూడదన్నారు. అక్కడే ఒక కిటికీ తెరిచి ఉంచారు. బడి వేళ తర్వాత, సెలవుల్లో సొంత కుటుంబపు పనిలో సాయం చేయవచ్చట. క్రాసింగు జరిగేది సాయంత్రం, పొద్దున్న. సన్నకారు రైతు తన సొంత చేలోనే విత్తనం పండిస్తున్నచోట 'కుటుంబపు సాయం' అంటే ఏమిటో మనకి తెలుసు. పద్నాలుగు నిండిన పిల్లకైతే ప్రమాదకరమైన పనులు తప్ప మిగతావన్నీ తెరిచే ఉన్నాయి.

ఇంకో లెక్క. జాతీయ కార్మిక సర్వేలో పదిహేనేళ్ళు దాటిన స్త్రీలలో పనిలో ఉన్నవాళ్ళూ, పని కోసం చూస్తున్నవాళ్ళూ కలిసి 2017-18లో 23.3 శాతం, 2023-24లో 41.7 శాతం. దీన్ని చూపించి చదువు ఫలించిందంటున్నారు. పెరిగినదానిలో పెద్ద భాగం స్వయం ఉపాధి, అందులోనూ చాలామంది ఇంటి పొలంలో, ఇంటి కొట్లో జీతం లేకుండా పనిచేసేవాళ్ళు. కాబట్టి మీరు ఈ అంకెని వాడేటప్పుడు దాని పక్కన కూలి ఎంత అని కూడా రాయండి.

మధ్యాహ్నం మనం గ్రూపులుగా కూర్చుంటాం. గద్వాల వైపు నుంచి వచ్చినవాళ్ళు ఈ సీజనులో అడ్వాన్సులు ఎవరిచ్చారు, ఎన్ని ఇళ్ళకి ఇచ్చారు, తొమ్మిదో తరగతి ఆడపిల్లల హాజరు ఏ నెల నుంచి తగ్గుతోంది అన్నది రాసి తీసుకొచ్చారని విన్నాను. హాజరు పట్టీని క్రాసింగు నెలల పక్కన పెట్టి చూస్తే మనకి కావలసిన సాక్ష్యం అక్కడే దొరుకుతుంది. దాంతోనే మొదలుపెడదాం.