రెండు తేదీల మధ్య



ఒక చిన్న లెక్కతో మొదలుపెడదాం. 2012 డిసెంబరు 20న పుట్టిన అమ్మాయికి 2024 జూలై 1 నాటికి ఎన్నేళ్లు? వేళ్లమీద లెక్కపెట్టండి. పదకొండేళ్లు నిండి, ఆపైన ఆరు నెలల పదకొండు రోజులు. కాని మా బడి నుంచి ఉపకార వేతనానికి దరఖాస్తు పెట్టిన ఒక అమ్మాయికి కంప్యూటరు పన్నెండేళ్లని తేల్చింది. పన్నెండు నిండితే అర్హత లేదు. పేరు కొట్టేశారు. వాళ్ల నాన్న ఆ కాగితం పట్టుకొచ్చి, "అయ్యవారూ, మిషను తప్పు చెబుతుందా?" అని అడిగాడు.

మిషను చెప్పింది చేసింది. 2024లోంచి 2012 తీసెయ్యమన్నారు, తీసేసింది. నెల, రోజు చూడమని ఎవరూ చెప్పలేదు.

రిలేషనల్ డేటాబేస్ అంటే మరేమీ కాదు, మన అడ్మిషన్ రిజిస్టరులాంటి పట్టికలు కొన్ని, ఒకదానికొకటి ముడిపెట్టి ఉంచడమే. అందులో పుట్టిన తేదీని వట్టి అక్షరాలుగా రాస్తే 05-08-2012 అన్నది ఆగస్టు 5 అవునో, మే 8 అవునో తెలియదు. తేదీ అని చెప్పి దాచితే లీపు సంవత్సరాలతో సహా రోజులు సరిగ్గా వస్తాయి. అయినా అడిగే తీరు ముఖ్యం. ఎస్‌క్యూఎల్ సర్వర్‌లో డేట్‌డిఫ్ అనే ఆజ్ఞను ఏళ్లలో అడిగితే, డిసెంబరు 31కీ మర్నాటి జనవరి 1కీ మధ్య ఒక ఏడు అంటుంది. అది నిండిన ఏళ్లను కాదు, మారిన సంవత్సరాలను లెక్కపెడుతుంది. పోస్ట్‌గ్రెస్‌లోని ఏజ్ అనే ఆజ్ఞ ఏళ్లు, నెలలు, రోజులు విడదీసి చెబుతుంది.

సెలవు చీటీ చూడండి. 10వ తేదీ నుంచి 15 వరకు. తీసివేస్తే అయిదు, హాజరుపట్టీలో ఆరు. రెండు కొసలూ కలుపుకోవాలో వద్దో మనమే చెప్పాలి.

గంటల సంగతి ఇంకా చిత్రం. చెన్నై నుంగంబాకంలో 1792 నాటి నక్షత్రశాల ఉండేది. దాని ప్రకారం నడిచిన మద్రాసు సమయం గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాలు ముందు. రైళ్లు చాలాకాలం దాన్నే పాటించాయి. 1906 జనవరి 1న అయిదున్నర గంటల భారత సమయం వచ్చింది. గడియారాలు సుమారు తొమ్మిది నిమిషాలు ముందుకు జరిగాయి. యుద్ధకాలంలో, 1942 సెప్టెంబరు నుంచి 1945 అక్టోబరు దాకా, మరో గంట ముందుకు జరిపారు. కంప్యూటర్లు వాడే కాలమండలాల పట్టికలో ఇవన్నీ నేటికీ ఉన్నాయి. అందుకే ఏ గడియారం ప్రకారమో కూడా రాసి దాచాలి.

ఎక్కడినుంచి, ఎక్కడివరకు, ఏ గడియారం. ఈ మూడూ చెప్పాకే తీసివేత.

ఆ అమ్మాయి విషయంలో అర్జీ పెట్టాం. తప్పు ఒప్పుకున్నారు, కాని అప్పటికే గడువు దాటిపోయింది. మరుసటి జూలైకి ఆమెకు నిజంగానే పన్నెండు నిండాయి. మీ పిల్లల కాగితాల్లో వయసు గడి కనబడితే, ఒక్కసారి మీరే వేళ్లమీద లెక్కపెట్టి చూడండి.

సెలవు.