డి.ఓ. కళాశాలలో చేరే ముందు



అమెరికాలో స్థిరపడిన మన బంధువుల బిడ్డలకు అక్కడి ఆస్టియోపతిక్ వైద్య కళాశాలలో సీటు వచ్చిందని తెలియగానే ఇక్కడి పెద్దలు అడిగే ప్రశ్న ఒకటే: అది నిజమైన డాక్టరు చదువేనా? నిస్సందేహంగా అవును. 1892లో ఆండ్రూ టేలర్ స్టిల్ మిస్సోరీ రాష్ట్రంలోని కిర్క్స్‌విల్‌లో ప్రారంభించిన విద్య ఇది. డి.ఓ. పట్టభద్రులు నేడు అమెరికాలోని 50 రాష్ట్రాల్లోనూ ఎం.డి.లతో సమానంగా మందులు రాయవచ్చు, శస్త్రచికిత్సలు చేయవచ్చు. ఎముకలను, కండరాలను చేతులతో పరీక్షించి చికిత్స చేసే పద్ధతిని వారికి అదనంగా నేర్పుతారు. బ్రిటన్‌లో ఆస్టియోపాత్ అనిపించుకునేవారు మాత్రం వైద్యపట్టా పొందిన డాక్టర్లు కారు. ఆ పేరే ఇక్కడ అపోహకు మూలం.

కనుక విచారించవలసింది పట్టా పేరును కాదు, శిక్షణను.

మొదటి రెండేళ్ల తరగతి పాఠాలు ఎక్కడైనా ఇంచుమించు ఒకటే. తేడా అంతా మూడు, నాలుగు సంవత్సరాల్లో. చాలా డి.ఓ. కళాశాలలకు సొంత బోధనాసుపత్రి లేదు. విద్యార్థులను వేర్వేరు ఊళ్లలోని ఆసుపత్రులకు, క్లినిక్‌లకు పంపుతారు. అక్కడ బోధించే ఓపిక ఉన్న వైద్యులు, రెసిడెంట్లు ఉంటే విద్యార్థి రోగి మంచం దగ్గర నేర్చుకుంటాడు. లేకుంటే ఒక డాక్టరు వెనుక నిలబడి చూసి వస్తాడు. ఆ ఆసుపత్రులు ఏవి, ఒప్పందాలు రాతపూర్వకంగా ఉన్నాయా, ఎన్నిసార్లు ఊరు మారాలి, శిక్షణ స్థలాన్ని విద్యార్థే వెతుక్కోవాలా? అద్దాల భవనం చూపించేవారిని ఈ మాటలే అడగండి.

2020 నుంచి డి.ఓ., ఎం.డి. పట్టభద్రుల రెసిడెన్సీలన్నీ ఒకే గుర్తింపు వ్యవస్థ కిందకు వచ్చాయి. 2022 నుంచి కామ్లెక్స్ మొదటి దశ పరీక్షలో మార్కులు లేవు, ఉత్తీర్ణతే. అందువల్ల ఆసుపత్రి శిక్షణలో వైద్యులు ఇచ్చే సిఫారసు లేఖల విలువ మరింత పెరిగింది.

రెసిడెన్సీ శిక్షణ లేనిదే స్వతంత్రంగా వైద్యం చేసే లైసెన్సు దొరకదు. అప్పు మాత్రం మిగులుతుంది. అందుకే కళాశాల ప్రకటించే రెసిడెన్సీ శాతాన్ని జాగ్రత్తగా చదవాలి. ఉద్యోగమంతా దస్త్రాల మధ్య గడిపినవాణ్ణి. శాతం కనబడితే, ఎందరిలో అని అడగడం నా అలవాటు. 100 మంది చేరి, 90 మందే చివరిదాకా మిగిలి, వారిలో 88 మందికి స్థానం దొరికితే ప్రకటనలో దాదాపు 98 శాతం అని ఉంటుంది. మధ్యలో ఆగిపోయిన 10 మంది ఎక్కడా కనబడరు. ఆ 88లో ఏడాదితో ముగిసే తాత్కాలిక స్థానాలు ఎన్నో కూడా అడగాలి.

ఇంకా ఒక్క బ్యాచ్ కూడా బయటికి రాని కొత్త కళాశాలలో ఈ అంకెలే ఉండవు. అక్కడ మూడో ఏడు చదువుతున్న విద్యార్థి ఎవరైనా ఉంటే, అడ్మిషన్ అధికారి పక్కన లేనప్పుడు మీ బిడ్డ చేత మాట్లాడించండి.