ఎర్రబిళ్ళ వెనక అరవై ఏళ్ల కాగితాలు

(స్టూవర్టుపురంలో యల్లాప్రగడ సుబ్బారావు స్మారకోపన్యాసం)



శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు గారిని తలుచుకునే సభల్లో ఆయన మందులన్నీ వరసగా చెప్పడం ఆనవాయితీ. ఈరోజు ఒక్కదాని గురించే మాట్లాడతాను. ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తలైన మీరు గర్భిణులకు పంచే ఎర్రబిళ్ళలో ఇనుముతో పాటు ఉండే ఫోలిక్ ఆమ్లం అది. ఒకరి పత్రాన్ని మరొకరు చదివి, తమ పని జోడించి, ముందుకు అందిస్తూ పోతే అరవై ఏళ్లకు దాని విలువ పూర్తిగా తేలింది.

మొదటి పత్రాలు బొంబాయివి. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లండు వైద్యురాలు అక్కడికి వచ్చారు. నూలుమిల్లుల్లో కూలి చేసుకునే ఆడవాళ్లకు కడుపుతో ఉండగా రక్తం క్షీణించి ప్రాణం మీదికి వస్తోంది. కారణం ఏమిటన్నది ఆమె ముందున్న ప్రశ్న. 1930లో మెహతా, తల్పాడేలతో కలిసి ఇండియన్ జర్నల్ ఆఫ్ మెడికల్ రీసెర్చ్‌లో వ్యాసాలు ప్రచురించారు. వాటిలో రక్తపరీక్షలతో పాటు, ఆ ఆడవాళ్లు ఏం తింటున్నారు, ఎలాంటి చోట బతుకుతున్నారు అన్న సర్వే కూడా ఉంది. తర్వాత మద్రాసు గోషా ఆసుపత్రిలోనూ పనిచేశారు. ఈస్టు నుంచి తీసిన మార్మైట్ పెడితే ఈ రోగులు కోలుకుంటున్నారని 1931 జూన్‌లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. మార్మైట్‌లో రోగాన్ని మాన్పే పదార్థమేదో ఉందని మాత్రమే చెప్పారు. రుజువైనంతవరకే చెప్పిన ఆ నిజాయితీ ఆ వ్యాసానికి వన్నె తెచ్చింది. ఆ పదార్థానికి లోకం ‘విల్స్ ఫ్యాక్టర్’ అని పేరు పెట్టింది.

ఇక మన సుబ్బారావు గారు. 1895లో భీమవరంలో పుట్టారు. అన్నదమ్ములిద్దరిని సంగ్రహణి వ్యాధి పొట్టనబెట్టుకుంది. ఆ జబ్బు ఆయన్నూ పీడిస్తే ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద వైద్యం కాపాడింది. 1922లో అమెరికా వెళ్లి హార్వర్డులో పనిచేసి, 1940లో లెడర్లీ సంస్థలో చేరారు. 1941లో మరో బృందం పాలకూర నుంచి ఫోలిక్ ఆమ్లాన్ని వేరుచేసింది; విల్స్ ఫ్యాక్టర్ అదేనని తర్వాత తేలింది. 1945 ఆగస్టులో లెడర్లీ బృందం దాన్ని ప్రయోగశాలలోనే తయారుచేశామని ‘సైన్స్’ పత్రికలో ప్రకటించింది. ఆ పత్రం మీద 16 పేర్లున్నాయి. పరిశోధనకు సారథ్యం వహించిన సుబ్బారావు గారి పేరు వాటిలో ఏడోది. ఆ మందు గర్భిణుల రక్తహీనతకే కాక, ఆయన ఇంటిని దెబ్బతీసిన సంగ్రహణికీ పనిచేసింది. 1948లో, 53 ఏళ్లకే ఆయన కన్నుమూశారు.

తర్వాతి అధ్యాయం హైదరాబాదుది. జాతీయ పోషకాహార సంస్థలో లీలా అయ్యంగార్ గర్భిణులకు ఫోలిక్ ఆమ్లం ఎంత కావాలో కొలిచారు. రాజలక్ష్మితో కలిసి 1975లో ప్రచురించిన వ్యాసంలో, ఒట్టి ఇనుము మింగిన తల్లుల బిడ్డలకంటే, ఫోలిక్ ఆమ్లం కూడా కలిపి మింగినవారి బిడ్డలు ఎక్కువ బరువుతో పుట్టారని చూపించారు.

1991లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితం మరో మలుపు. ఏడు దేశాల్లో జరిగిన ఆ పరీక్షలో పాల్గొన్నది, అంతకుముందు వెన్నుపాము లోపంతో బిడ్డను కన్న తల్లులు. గర్భానికి ముందునుంచే ఫోలిక్ ఆమ్లం వాడితే ఆ లోపం మళ్లీ రావడం 72 శాతం తగ్గింది. గర్భంలో మెదడు, వెన్నుపాము ఏర్పడే నాళం మొదటి 28 రోజుల్లోనే మూసుకుంటుంది. నెల తప్పిందని తల్లికి తెలిసేసరికి ఆ గడువు దాదాపు దాటిపోతుంది.

ఈ చరిత్రను ఈ ఊళ్లో చెప్పడానికి కారణం ఉంది. నేరస్థ జాతుల చట్టం కింద మీ పూర్వీకులను సాల్వేషన్ ఆర్మీ సెటిల్‌మెంటులో ఉంచారు. వాళ్ల హాజరు రాసుకున్న రిజిస్టర్లున్నాయి కానీ, అక్కడి ఆడవాళ్లు పురిట్లో ఎందుకు పోయారని అడిగిన పుస్తకం మాత్రం నాకు కనబడలేదు. బొంబాయి కూలి స్త్రీల విషయంలో లూసీ విల్స్ ఆ ప్రశ్న అడిగారు. పేదరాలి కంచంలో ఏముందని అడగడంతో మొదలైన విజ్ఞానం ఇది. ఇందులో శాస్త్రవేత్తలతో పాటు, రక్తపరీక్షకు చెయ్యి చాచిన ఆ పేరు తెలియని తల్లులకూ వాటా ఉంది.

అయినా 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52.2 శాతం మందికి రక్తహీనత ఉంది. బిళ్ళ మింగితే బిడ్డ లావై పురుడు కష్టమవుతుందన్న భయంతో దాన్ని గూట్లో పడేసేవాళ్లున్నారు. తగిన బరువుతో పుట్టడమే బిడ్డకు రక్ష అని అత్తలకు, అమ్మమ్మలకు మీరు నచ్చజెప్పాలి. మలం నల్లబడితే కంగారుపడక్కర్లేదు, అది ఇనుము వల్లనే. ఆకుకూరలు, పప్పులు తింటూనే గర్భంలో 180 రోజులు, పురుడయ్యాక మరో 180 రోజులు బిళ్ళ మింగాలి. పెళ్లయిన అమ్మాయి బిడ్డ కావాలనుకున్న రోజునే ఏఎన్ఎంను అడిగి ఫోలిక్ ఆమ్లం మొదలుపెట్టాలి. సుబ్బారావు గారికి మనం చేయగలిగిన నిజమైన స్మరణ ఇదే. ఈ మాట మీ వీధిలో ప్రతి ఇంటికీ చేర్చండి.