పాత వీధి, కొత్త కారు



తేరు లాగే ఊళ్ళలో పెరిగిన మనకు ఒక సంగతి ఎవరూ నేర్పనక్కర్లేదు. తేరు ఎంత గొప్పదైనా తిరగవలసింది ఊరి వీధుల్లోనే. మా హోసూరులో చంద్రచూడేశ్వరస్వామి తేరు కదిలే రోజున గమనించండి. తిన్నని వీధిలో తాళ్ళు పట్టి లాగేవారి బలం చాలు. మలుపు దగ్గరికి వచ్చేసరికి, చక్రం కింద చెక్క పెట్టేవారి నేర్పు కావాలి. వీధిని చూసి తేరు కట్టారు గనుకనే ఆ నేర్పు ఫలిస్తోంది. ఎవరో ఒకరు ఉత్సాహం కొద్దీ తేరును పది అడుగులు పొడిగించారనుకోండి. అది మలుపులో నిలిచిపోతే తప్పు వీధిదంటారా, తేరుదంటారా?

సరిగ్గా ఈ ప్రశ్నే ఇవాళ మోటారు పందేల ప్రపంచంలో నలుగుతోంది. ఊరి వీధులను మూసి, అటూ ఇటూ ఇనుప కంచెలు కట్టి, వాటి మధ్య కార్ల పందెం నడపడం పాత ఆచారం. ఆ ఆచారం ఈ కాలపు కార్లకు ఇంకా సరిపోతుందా? ఎక్కడో ఐరోపాలో జరిగే పందెంతో మనకేం పని అని మీరు అడగవచ్చు. 2023లో హైదరాబాదు హుస్సేన్ సాగర్ ఒడ్డున, 2024లో చెన్నై ఐలాండ్ గ్రౌండ్స్ చుట్టూ ఇదే తరహా పందేలు జరిగాయి. మన పిల్లలు వాటిని చూశారు. చూసి ఏం నేర్చుకున్నారన్నదే నా బెంగ. ఆ మాటకు చివర వస్తాను.

ముందుగా మొనాకో సంగతి చెప్పుకుందాం. ఫ్రాన్సు దక్షిణ తీరంలో, సముద్రానికీ కొండకూ మధ్య ఇరుక్కున్న చిన్న రాజ్యం అది. మొత్తం విస్తీర్ణం రెండు చదరపు కిలోమీటర్లకు కాస్త పైన. ఆంటనీ నోగెస్ అనే ఆయన పూనికతో 1929 ఏప్రిల్ 14న అక్కడి వీధుల్లో తొలి గ్రాండ్ ప్రీ జరిగింది. బుగాటి కారులో విలియమ్ గ్రోవర్ విలియమ్స్ గెలిచాడు. అక్కడక్కడ మార్పులు జరిగినా, ఆ బాట స్వరూపం నేటికీ చాలావరకు అదే. ఒక చుట్టు 3.337 కిలోమీటర్లు. అలా 78 చుట్లు తిరగాలి. ఘాట్ రోడ్డు మీద మనం చూసే హెయిర్‌పిన్ మలుపులాంటిది అక్కడ ఒకటుంది. దాని దగ్గర కార్లు గంటకు 50 కిలోమీటర్లకు అటూ ఇటూ వేగంతో పాకుతాయి. ఫార్ములా వన్ పందేలన్నింటిలో అంత నెమ్మదైన మలుపు మరొకటి లేదు. అందుకే మిగతా చోట్ల పందెం దూరం 305 కిలోమీటర్లయితే, మొనాకోకు మాత్రం ప్రత్యేకంగా 260 కిలోమీటర్లే పెట్టారు.

ఇప్పుడు తేరు సంగతికి, అంటే కారు సంగతికి వద్దాం. 1929లో గెలిచిన ఆ బుగాటికి ముందు చక్రాల ఇరుసుకూ వెనక ఇరుసుకూ మధ్య దూరం 2.4 మీటర్లు. 2022 నాటి నిబంధనల ప్రకారం తయారైన ఫార్ములా వన్ కార్లకు ఆ దూరం 3.6 మీటర్ల దాకా ఉండేది. మొత్తం పొడవు 5 మీటర్లు దాటేది. బరువు మాటకొస్తే, 1990ల తొలి ఏళ్ళలో డ్రైవరు బరువు కలపకుండా కనీస బరువు 505 కిలోలు. 2025 నాటికి డ్రైవరుతో కలిపి 800 కిలోలు. వెడల్పు ఒక్కటే పెరుగుతూ తరుగుతూ వచ్చింది. 1990ల తొలి ఏళ్ళలో 2.15 మీటర్లుండేది, 1998లో 1.8 మీటర్లకు దిగింది, 2017లో మళ్ళీ 2 మీటర్లకు ఎక్కింది. కారు పొడవు పెరిగింది, బరువు పెరిగింది. వీధి మాత్రం గోడల మధ్య అలాగే ఉంది.

పొడవూ బరువూ కథలో సగమే. ముందున్న కారును దాటడానికి డ్రైవరుకు సాధారణంగా దొరికే అవకాశం బ్రేకు వేసే చోట. ఒకడు ముందుగా బ్రేకు వేస్తే, మరొకడు ఇంకొంచెం ఆగి వేసి, ఆ సందులో ముందుకు దూరతాడు. కార్బన్ బ్రేకులు వచ్చాక కారు చాలా కొద్ది దూరంలోనే వేగం తగ్గించగలుగుతోంది. బ్రేకు దూరం తగ్గేకొద్దీ దూరే సందు కూడా తగ్గింది. పైగా ఈ కార్లు రెక్కలతో గాలిని తమకు అనుకూలంగా మలచుకుని నేలను కరుచుకుని పోతాయి. ముందు కారు చెదరగొట్టిన గాలి వెనక కారుకు ఆ పట్టు తగ్గిస్తుంది. విశాలమైన ట్రాక్ మీద పక్కకు తప్పుకోవచ్చు. మొనాకోలో పక్కన ఉండేది ఇనుప కంచె.

దీని ఫలితం ఎలా ఉంటుందో రెండు ఏళ్ళ ముచ్చట చెబితే మీకే తెలుస్తుంది. 2024లో మొదటి చుట్టులోనే పెద్ద ప్రమాదం జరిగి పందెం ఆపారు. ఆ విరామంలో టైర్లు మార్చుకోవచ్చు గనుక, మళ్ళీ మొదలయ్యాక పిట్‌లోకి వెళ్ళే అవసరమే లేకపోయింది. టైర్లు అరగకుండా అందరూ నింపాదిగా నడిపారు. మొదటి పది మంది ఏ వరుసలో బయలుదేరారో అదే వరుసలో గమ్యం చేరారు. మొనాకో బిడ్డ చార్ల్స్ లెక్లెర్ సొంత ఊళ్ళో గెలిచినందుకు ఆ ఊరు పండగ చేసుకుంది. పందెంగా చూస్తే మాత్రం అది ఊరేగింపు. మరుసటి ఏడు, 2025లో, నిర్వాహకులు ఒక ఉపాయం పన్నారు. ప్రతి కారూ కనీసం మూడు జతల టైర్లు వాడి తీరాలన్నారు. అంటే రెండుసార్లు పిట్‌లోకి వెళ్ళక తప్పదు. అప్పుడు కొన్ని జట్లు ఏం చేశాయి? తమ కార్లలో ఒకదాన్ని కావాలని నెమ్మదిగా నడిపించి వెనకవాళ్ళను ఆపాయి. ఆ వ్యవధిలో రెండో కారు టైర్లు మార్చుకుని వచ్చింది. దాటలేరని అందరికీ తెలుసు గనుకనే ఆ ఎత్తు పారింది. చివరికి మొదటి నాలుగు స్థానాలు బయలుదేరిన వరుసలోనే ముగిశాయి. లాండో నోరిస్ గెలిచాడు.

ఇది నేటి రోగం మాత్రమేనా అంటే, కాదు. 1992లో ఆ ఏటి తొలి ఐదు పందేలూ గెలిచి వచ్చిన నైజెల్ మాన్సెల్, చివరి చుట్లలో ఎంతో వేగమైన కారుతో అయర్టన్ సెన్నా వెనక పడ్డాడు. కుడికి వచ్చాడు, ఎడమకు వచ్చాడు, దాటలేకపోయాడు. మన చెన్నై కుర్రాడు కరుణ్ చంధోక్‌కు 2010లో అంతకన్నా గడ్డు అనుభవం ఎదురైంది. పందెం ముగియవస్తుండగా ఒక ఇరుకు మలుపులో జార్నో ట్రుల్లి అతన్ని దాటబోయాడు. ట్రుల్లి కారు ఏకంగా చంధోక్ కారు మీదికి, అతని తల దగ్గరగా ఎక్కేసింది. అదృష్టవశాత్తు ఇద్దరూ క్షేమంగా బయటపడ్డారు. ఇక 1996లో వాన పడితే తారుమారైంది. 14వ స్థానంలో బయలుదేరిన ఒలివియే పానిస్ గెలిచాడు. చివరి గీత దాటినవి మూడే మూడు కార్లు. కాబట్టి మొనాకోలో దాటడం ఎప్పుడూ కష్టమే. మునుపు కష్టంగా ఉన్నది ఇప్పుడు దాదాపు అసాధ్యమైంది.

అయితే ఈ వీధులను వదిలేద్దామా? చాలామంది అదే అంటారు. నేను వారితో ఏకీభవించలేను. నా వాదనకు ఆధారం కూడా ఆ మొనాకో వీధుల్లోనే ఉంది. విద్యుత్తుతో నడిచే ఫార్ములా ఈ కార్లు అదే బాట మీద పందెం ఆడతాయి. అవి ఫార్ములా వన్ కార్ల కన్నా వెడల్పు తక్కువ, వేగమూ తక్కువ. బ్యాటరీలోని శక్తిని పొదుపుగా వాడుకోవాలి గనుక డ్రైవర్లు ఒకరి వెనక ఒకరు నక్కి, అదను చూసి ముందుకు దూకుతారు. 2023లో అక్కడ నిక్ కాసిడీ 9వ స్థానంలో బయలుదేరి గెలిచాడు. అదే వీధి, అవే మలుపులు. కారు మారింది, పందెం మారింది. దీన్నిబట్టి మీకేమనిపిస్తోంది? వీధి పాతబడిపోలేదు, కారు వీధిని మించిపోయింది. ఈ సంగతి ఫార్ములా వన్ పెద్దలకూ తట్టినట్టుంది. 2026 నిబంధనల్లో కారు వెడల్పును 1.9 మీటర్లకు, ఇరుసుల మధ్య దూరాన్ని 3.4 మీటర్లకు, కనీస బరువును 768 కిలోలకు తగ్గించారు. పది సెంటీమీటర్లతో మొనాకో విశాలమైపోదు. అయినా దిశ సరైనదే.

ఇంకొక మాట. వీధి పందేనికి కారు ఇమడడం ఒక్కటే పరీక్షయితే సరిపోదు. కంచెకు అవతల నిలబడ్డ మనిషి మాటేమిటి? 1903లో పారిస్ నుంచి మాడ్రిడ్ దాకా తలపెట్టిన పందెంలో దారి పొడవునా ప్రాణాలు పోతుంటే, ప్రభుత్వం దాన్ని బోర్డోలోనే ఆపేసింది. ఇటలీలో మిల్లె మిలియా అని వెయ్యి మైళ్ళ పందెం మామూలు రోడ్ల మీద జరిగేది. 1957లో ఒక కారు జనంలోకి దూసుకుపోయి తొమ్మిది మంది ప్రేక్షకులు చనిపోయారు. వారిలో అయిదుగురు పిల్లలు. ఆ రూపంలో ఆ పందెం మళ్ళీ జరగలేదు. మొనాకోలోనే 1967లో లొరెంజో బాందీని కారు రేవు దగ్గర బోల్తాపడి అంటుకుంది. రక్షణ కోసమని పెట్టిన గడ్డిమోపులే మంటను పెంచాయి. మూడు రోజుల తర్వాత అతను కన్నుమూశాడు. ఆ తర్వాతే గడ్డిమోపులు పోయాయి. 1975లో బార్సిలోనాలోని మోంజుయిక్ కొండ వీధుల్లో కంచె బోల్టులు సరిగ్గా బిగించలేదని డ్రైవర్లు ముందే మొరపెట్టుకున్నారు. ఎమర్సన్ ఫిట్టిపాల్డి ఒక్క చుట్టు తిరిగి తప్పుకున్నాడు. ఆ పందెంలోనే ఒక కారు కంచె మీదుగా ఎగిరి జనం ప్రాణాలు తీసింది. ఫార్ములా వన్ మళ్ళీ ఆ కొండ ఎక్కలేదు. కొత్త నగరాలకూ ఈ బెడద తప్పలేదు. 2023లో లాస్ వేగాస్ వీధిలో నీటి వాల్వు మీది మూత ఊడి కార్లోస్ సైన్జ్ ఫెరారీని దెబ్బతీసింది. మొదలైన కొద్ది నిమిషాలకే ఆ సాధన ఆగిపోయింది. మామూలు రోజుల్లో మన బస్సులూ లారీలూ తొక్కిపోయే మూతే అది.

మొనాకోలో ఇంత జాగ్రత్త ఎలా సాధ్యమైంది? ఆ కంచెలూ వలలూ మెట్లూ కట్టడానికి సుమారు ఆరు వారాలు పడుతుంది. పందెం వారంలోనూ సాయంత్రానికి వీధి మళ్ళీ జనానికి తెరుస్తారు. ఊరి వీధిని అరువు తీసుకున్నవాడు సాయంత్రానికి తిరిగి ఇచ్చేస్తాడన్నమాట.

ఇప్పుడు మన దగ్గరికి వద్దాం. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదులో జరిగిన ఫార్ములా ఈ పందెం బాట సుమారు 2.8 కిలోమీటర్లు. జాన్ ఎరిక్ వెర్న్ గెలిచాడు. కారు వీధికి సరిపోయింది. కానీ 2024లో జరగవలసిన రెండో పందెం రద్దయింది, దాని చెల్లింపుల వ్యవహారం దర్యాప్తుకూ కోర్టులకూ ఎక్కింది. చెన్నైలో ఫార్ములా 4 పందెం 2023 డిసెంబరులో జరగాల్సింది. మిచాంగ్ తుపాను వరదల వల్ల వాయిదా పడింది. వ్యవహారం మద్రాసు హైకోర్టుదాకా వెళ్ళి, షరతులతో అనుమతి వచ్చింది. చివరకు 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1 తేదీల్లో 3.5 కిలోమీటర్ల బాట మీద రాత్రి దీపాల వెలుగులో జరిగింది. మొదటి రోజు భద్రతా తనిఖీ ముగిసి అనుమతి పత్రం వచ్చేదాకా కార్లను కదలనివ్వలేదు. ప్రేక్షకులు విసుక్కున్నారు. నా దృష్టిలో ఆ రెండు రోజుల్లో మన పిల్లలకు చూపించదగ్గ ఘట్టం ఆ ఆలస్యమే.

ఎందుకంటారా? మా బడి ముందునుంచే బెంగళూరు, కృష్ణగిరి జాతీయ రహదారి పోతుంది. సెలవు రోజు తెల్లవారుజామున ఆ రోడ్డు మీద బైకుల మోత వినని ఇల్లు మా వైపు లేదు. ఆ కుర్రాళ్ళు కొందరు మా దగ్గర చదివినవాళ్ళే. అడిగితే, "ఏం సార్, చెన్నైలో గవర్నమెంటే వీధిలో రేసు పెట్టలేదా?" అంటారు. ప్రశ్న సూటిగానే ఉంది, జవాబూ సూటిగానే ఇవ్వాలి. అక్కడ వీధి మూశారు. ఇక్కడ పాలబండి ఎదురొస్తుంది. అక్కడ కంచె బోల్టు బోల్టూ చూశారు. ఇక్కడ రోడ్డు దాటుతున్న ముసలమ్మకూ బైకుకూ మధ్య ఏమీ లేదు. అక్కడ పత్రం రాకపోతే పందెం ఆగింది. ఇక్కడ ఆపేవాడే లేడు.

వేగం మీద మోజు పాపమేమీ కాదు. దానికి మన రాష్ట్రంలోనే చోటుంది. షోళవరంలో యుద్ధకాలపు విమానాల రన్‌వే మీద దశాబ్దాలపాటు పందేలు జరిగాయి. తర్వాత ఇరుంగాట్టుకోట్టైలో 3.7 కిలోమీటర్ల ట్రాక్ వచ్చింది. కోయంబత్తూరులో కరి మోటార్ స్పీడ్‌వే ఉంది. 2005లో ఫార్ములా వన్ పందెంలో దిగిన తొలి భారతీయుడు నారాయణ్ కార్తికేయన్ ఆ కోయంబత్తూరువాడే. తలిదండ్రులు పిల్లవాడికి ఖరీదైన బైకు కొనిచ్చి వేగంగా పోవద్దని చెప్పేకన్నా, ఒక్కసారి ఆ ట్రాక్ దగ్గరకు తీసుకువెళ్ళడం మేలు. శిరస్త్రాణం, చేతి తొడుగులు, అంబులెన్సు, జెండా పట్టుకుని నిలబడ్డ మనిషి, ఇవన్నీ చూశాక వాడికి పందెమంటే ఏమిటో తెలుస్తుంది.

కనుక మళ్ళీ ఏ నగరమైనా మా వీధిలో పందెం పెడతామని ముందుకు వస్తే, మనం అడగవలసినవి మూడు. ఆ కారు ఈ వీధికి సరిపోతుందా? కంచెకు అవతల ఉన్నవారికి రక్షణ ఉందా? వీధిని ఎప్పుడు, ఎవరి ఖర్చుతో, ఏ స్థితిలో తిరిగి ఇస్తారు? ఈ మూడింటికీ సరైన జవాబు దొరికితే పాత వీధి కొత్త పందేనికి ఇప్పటికీ పనికొస్తుంది. దొరకకపోతే ఎంత గొప్ప కారైనా మూసిన ట్రాక్ మీదనే ఉండాలి. ఆ మూడు ప్రశ్నలనే ఇంట్లో తాళంచెవి అడిగే కుర్రవాడికీ వేసి చూడండి.